గని విన్న కంపనం, నూనె నేర్చిన బదులు

పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల చరిత్ర అనగానే పుంగనూరు జమీను, మదనపల్లెలో అనీబిసెంట్ పెట్టిన కాలేజీ మన రాతల్లోకి వస్తాయి. కుప్పం పక్కనున్న కోలారు బంగారు గనులు మాత్రం పొరుగు రాష్ట్రమైన కర్ణాటక కథగానే మిగిలిపోయాయి. కానీ ఆ బంగారం దాగిన కోలారు రాతిపట్టీ రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగదు. దాని దక్షిణ కొస కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తం దాకా సాగుతుంది. కంపనాన్ని కనిపెట్టి, దానికి తగ్గట్టు బిగువు మార్చుకునే యంత్రాల చరిత్ర రాస్తే అందులో మొదటి సగం ఈ నేలదేనని నా వాదన.

కోలారులో జాన్ టేలర్ కంపెనీ 1880లో తవ్వకం మొదలుపెట్టింది. చాంపియన్ రీఫ్ గని చివరికి మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. అంత లోతున పైనున్న రాతి బరువంతా తవ్విన ఖాళీ చుట్టూ చేరుతుంది. అది ఓర్చుకోలేనంత అయినప్పుడు రాయి ఒక్కసారిగా పేలుతుంది. ఆ రాక్‌బర్స్టులు ఎందరో కూలీల ప్రాణాలు తీశాయి. 1912లోనే అక్కడ వీషర్ట్ భూకంప లేఖిని పెట్టారు. 1978లో భాభా అణు పరిశోధన కేంద్రం తోడ్పాటుతో నేల కంపనాన్ని పట్టే జియోఫోన్ల వల పరిచి, పేలుడు ఎక్కడ పుట్టిందో లెక్కగట్టారు. వినడం అంతగా సాగినా బదులివ్వడం సాగలేదు. కర్ర ఆనికలైనా, గ్రానైట్ గోడలైనా, కాంక్రీటైనా ఒకసారి నిలిపాక వాటి బిగువు మార్చే దారి లేదు.

ఆ దారి వేరేచోట దొరికింది. 1948లో అమెరికా ప్రమాణాల సంస్థలో జేకబ్ రాబినో నూనెలో సన్నటి ఇనుప పొడి కలిపి అయస్కాంత క్షేత్రంలో పెట్టాడు. రేణువులు గొలుసులుగా బారులు తీరి, మిల్లీసెకన్లలో ద్రవం గట్టిపడింది. క్షేత్రం తీసేస్తే మళ్లీ పలచబడింది. ఇదే మాగ్నెటోరియోలాజికల్ ద్రవం. అయినా నలభై ఏళ్లకు పైగా అది పెద్దగా వాడుకలోకి రాలేదు. పొడి అడుగుకు పేరుకోవడం, సీళ్లు అరిగిపోవడమే కారణమని రసాయన నిపుణులు అంటారు. ఆ ఇబ్బందులు నిజమే. 1990లలో లార్డ్ కార్పొరేషన్ వాటిమీద చాలా శ్రమపడింది. కానీ పొడి పేరుకోకపోయినా, ఎప్పుడు ఎంత బిగుసుకోవాలో చెప్పేవాళ్లు లేకుంటే ఆ ద్రవం పట్టి వదిలే క్లచ్చుకు మించి ఎదగదు. చవకైన సెన్సర్లు, మైక్రోప్రాసెసర్లు వచ్చాకే ఆ ద్రవం నింపి కంపనాన్ని అణచే డ్యాంపరు క్షణక్షణం ఆజ్ఞ అందుకోగలిగింది.

రాక్‌బర్స్టును ఏ డ్యాంపరూ ఆపలేదు గదా, ఈ రెంటికీ పోలిక ఎక్కడ అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, పర్వతమంత బరువు ఒత్తిడికి ఆ నూనె చాలదు. కోలారు పరికరాల నుంచి రాబినోకు వారసత్వం అందిందని కూడా నేను అనడం లేదు. నేను చెప్పేది క్రమం గురించి: ముందు కొలత, ఆపైన బదులు. ప్రాణాలు పోతుంటే, బదులిచ్చే సాధనం ఇంకా చేతికి రాకముందే కొలతను శాస్త్రంగా సాగించిన చోటు కోలారు. పదార్థం కనిపెట్టినవాడి పేరుతోనే చరిత్ర మొదలుపెడితే ఆ పని లెక్కలోకే రాదు. అలా మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు.

కోలారు గనులు, వాటితోపాటు కుప్పం వైపు తవ్వకాలు 2001లో మూతపడ్డాయి. మరుసటి ఏడాదే కాడిలాక్ సెవిల్ కారు మాగ్నెటోరియోలాజికల్ ద్రవం నింపిన షాక్ అబ్సార్బర్లతో మార్కెట్లోకి వచ్చింది. చైనాలో డాంగ్‌టింగ్ సరస్సు వంతెన తీగలు వానగాలికి ఊగిపోకుండా ఇలాంటి డ్యాంపర్లే బిగించారు.