చుక్కల పిట్ట వంశము

తూర్పు హిమాలయములలోను, ఆపైన మయన్మార్, వియత్నాం, ఆగ్నేయ చైనా కొండలలోను ఒక చిన్న పిట్ట కలదు. పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. ముదురు గోధుమరంగు ఒంటినిండ ముగ్గు చల్లినట్లు తెల్లని చుక్కలు. రెక్కలమీద, తోకమీద నల్లని అడ్డచారలు. తడి అడవులలో, నాచు పట్టిన బండల నడుమ, పొదల అడుగున పురుగులను ఏరుకొని తినుచుండును. కంటికి చిక్కుట అరుదు. పాటనుబట్టియే దాని ఉనికి తెలియును. దీని పేరు ఎలాకూరా.

ఈ పిట్ట ఎవరికి బంధువన్న ప్రశ్న 140 సంవత్సరములు సాగినది. 1874లో వాల్డెన్ ప్రభువు దీనికి ‘అందమైనది’ అను అర్థముగల ఫార్మోసస్ అను పేరు పెట్టి, రెన్ పక్షుల ప్రజాతిలో చేర్చెను. పొట్టి తోక, గుండ్రని ఒళ్ళు చూచినవారెవరైనను అట్లే చేసియుందురు. 1889లో బ్రిటిషు ఇండియా పక్షులపై గ్రంథము వ్రాసిన ఓట్స్, ఎలాకూరా అను వేరు ప్రజాతిని ఏర్పరచెను. గ్రీకు భాషలో దానికి ‘చిన్న తోకది’ అని అర్థము.

తరువాతివారు ఆ ప్రజాతిని తీసివేసి, పిట్టను రెన్-బాబ్లరులలో కలిపిరి. మన తోటలలో గుంపుగా తిరుగుచు, ఎండుటాకులను తిరుగవేయుచు గోలచేయు మట్టిరంగు పక్షులు బాబ్లరులే. నిజమునకు పాత గ్రంథములలో బాబ్లరు కుటుంబము పెద్ద గాదెవంటిది. మరెచ్చటను ఇమడని పిట్టలను అందులో పోయుట వాడుక.

పోలికలు కంటిని మోసగింపవచ్చును. డి.ఎన్.ఎ. సంగతి వేరు. తరతరములకు అందులో చిన్న చిన్న మార్పులు పేరుకొనుచుండును. రెండు పక్షుల నడుమ ఆ భేదములు పెరిగినకొలది, వాటి ఉమ్మడి పూర్వికుడు అంత ప్రాచీనుడన్నమాట. స్వీడను దేశపు పక్షిశాస్త్రజ్ఞుడు పెర్ ఆల్‌స్ట్రోమ్, ఆయన సహచరులు పాడు పిట్టలలో అతి పెద్ద సమూహమైన పాసెరిడాను ఈ విధముగ పరిశీలించి, 2014లో ఫలితములను ప్రకటించిరి. సమూహము తొలినాళ్ళలోనే 10 శాఖలుగా చీలినట్లు తేలినది. కొన్ని శాఖలలో వందలకొలది జాతులున్నవి. ఒకదానిలో మాత్రము ఎలాకూరా ఒక్కటే మిగిలినది!

అది రెన్ కాదు, బాబ్లరు కాదు. మరి ఆ పోలిక యెట్లు వచ్చెను? చీకటి పొదలలో నేలనంటి బ్రతుకు పక్షులకు పొట్టి తోక, గోధుమరంగు అనుకూలములు; వేర్వేరు వంశములవారికి ఒకే వేషము పట్టియుండవచ్చును. కేవలము యాదృచ్ఛికమైనను కావచ్చును. పాట మాత్రము వేషము మార్చలేదు. సన్నని, మిక్కిలి హెచ్చు స్థాయిలో సాగు ఆ పాటకు ఆసియా ఖండపు ఇతర పిట్టల పాటలతో పోలికయే లేదు.

ఈ ఒక్క జాతికొరకు ఆ శాస్త్రజ్ఞులు ప్రత్యేక కుటుంబము నేర్పరచి, ఓట్స్ పెట్టిన పేరునుబట్టియే ఎలాకూరిడే అని నామకరణము చేసిరి.