గ్రహణమొఱ్ఱి నుండి గర్భపరీక్ష వరకు

పై పెదవి చీలి పుట్టిన శిశువును గ్రహణమొఱ్ఱి యనుట మనలో తరతరముల వాడుక. గ్రహణవేళ తల్లి కదలినదనియో, కత్తిపీట ముట్టినదనియో, ఆ పేరులోనే యొక నింద యిమిడియున్నది. మన పూర్వులు తెలుగునేల విడిచి వచ్చినప్పుడు ఈ మాటను గూడ మూటగట్టి తెచ్చిరి. మా పినతల్లి యొకతె ఈ నిందను జీవితాంతము మోసినది. ఆమె నిర్దోషి యని చెప్పుటకే ఈ వ్యాసము.

కారణములను వెదకిన చరిత్ర మిక్కిలి పాతది కాదు. 1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్, గర్భిణికి రుబెల్లా సోకినచో శిశువునకు పుట్టుకతోనే కంటి శుక్లము కలుగవచ్చునని వెల్లడించెను. 1959లో ఫ్రాన్సున లెజూన్ ప్రభృతులు డౌన్ లక్షణము గల పిల్లలలో 21వ క్రోమోజోము ఒకటి అదనముగా నుండునని కనుగొనిరి. 1961లో జర్మనీయందు లెంజ్, ఆస్ట్రేలియాయందు మెక్‌బ్రైడ్, థాలిడోమైడ్ అను మందు వలన శిశువుల కాలుసేతులు వికలమగుచున్నవని హెచ్చరించిరి. వీనిలో ఏ యొక్కటియు గ్రహణము పని కాదు.

మనవారికి దగ్గరి విషయ మొకటి కలదు. పరప్రాంతమున కొలది కుటుంబములుగా నున్న మనము సంబంధములను మనలోనే చూచుకొనుచు వచ్చితిమి. హాల్డేన్ పండితుని శిష్యుడగు ద్రోణంరాజు కృష్ణారావు 1960 ప్రాంతమున ఆంధ్రదేశపు మేనరికములను పరిశోధించెను. మేనమామకును మేనకోడలికిని జన్యువులలో నాలుగవ వంతు, మేనత్త మేనమామ బిడ్డలకు ఎనిమిదవ వంతు సమానము. ఒకే దాగిన లోపము ఇరువురి నుండియు బిడ్డకు చేరుట కిందువలన అవకాశము హెచ్చును. మేనరికపు బిడ్డలందఱికి లోపము కలుగునని దీని యర్థము కాదు. ఇందులో పాలు తల్లిదండ్రు లిరువురిది. తల్లి యొక్కతెది కాదు.

గర్భములోని శిశువును చూచుటయు నేడు సాధ్యమే. 1958లో గ్లాస్గో వైద్యుడు అయాన్ డొనాల్డ్ ధ్వనితరంగములతో గర్భమును చూపెను. 1966 నుండి ఉమ్మనీటి కణములను పెంచి క్రోమోజోములను పరీక్షించుట సాధ్యమైనది. నేడు 18, 20 వారముల నడుమ తీయు స్కానింగున పెక్కు లోపములు తెలియును, అన్నియు తెలియవు. ఈ సాధనముతో ఆడుశిశువును వెదకి తొలగించుట మొదలిడగా, లింగనిర్ధారణను నిషేధించుచు 1994లో మనదేశమున చట్టము వెలసినది.

నివారణమార్గమును కలదు. ఫోలికామ్లము వెన్నుపాము లోపములను చాలవరకు ఆపునని 1991లో ఋజువయ్యెను. గర్భము నిలిచిన నాలుగు వారములకే ఆ భాగము మూసికొనును గనుక, దానిని ముందునుండియే పుచ్చుకొనవలెను.

చీలిన పెదవిని నేడు శైశవములోనే శస్త్రవైద్యుడు కుట్టి సరిచేయును. తల్లిపై వేసిన నిందను మాన్పవలసినవారము మాత్రము మనమే.