నాయనతో చూసిన దుమ్ము సినిమా

నేను డాలస్ దగ్గర కంప్యూటర్ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. చరిత్ర నేను కాలేజీలో చదివింది కాదు, రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక ఇష్టం కొద్దీ చదువుకునేది. "ఏదైనా చరిత్ర చెప్పండి" అని రేడియో మిత్రులు అడిగితే, ఓ పాత అమెరికా సినిమా గురించి చెప్తానన్నాను. ఇది రాజుల చరిత్ర కాదు, మట్టి చరిత్ర. మధ్యమధ్యలో మా నాయన కూడా వస్తుంటాడు. ఏమీ అనుకోకండి.

మాది అనంతపురం జిల్లా. వానమీద ఆధారపడి చెనిక్కాయ వేసే ఊరు. మా నాయన ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనకు పొద్దు పోయేది కాదు. తెలుగు చానళ్ళు చూసి చూసి విసిగిపోయాడు. ఓ శనివారం నేను కంప్యూటర్లో 1936 నాటి ఓ డాక్యుమెంటరీ చూస్తూంటే వచ్చి పక్కన కూచున్నాడు. దాని పేరు 'ద ప్లౌ దట్ బ్రోక్ ద ప్లెయిన్స్'. మైదానాలను బద్దలు చేసిన మడక అనుకోవచ్చు. కోస్తావాళ్ళు నాగలి అనేదాన్నే మేము మడక అంటాం. అరగంట కూడా లేని నలుపు తెలుపు సినిమా అది. నేను అర్థం చెప్పబోతే ఆయన వద్దన్నాడు.

"మాటలు నాకెందుకులేరా. నేల కనపడతాంది కదా" అన్నాడు.

ముందు ఆ నేల సంగతి కొంచెం చెప్పాలి. టెక్సస్, ఓక్లహోమాల ప్యాన్‌హాండిల్ ప్రాంతాలు, పడమటి కేన్సస్, కొలరాడో ఆగ్నేయ భాగం, న్యూ మెక్సికో ఈశాన్య భాగం, ఇదంతా ఒకప్పుడు గడ్డి మైదానం. ఏడాదికి 20 అంగుళాలు, చాలాచోట్ల అంతకన్నా తక్కువ వాన. మా అనంతపురంలో కూడా ఇంచుమించు అంతే. అక్కడ నేలను పట్టి ఉంచింది చెట్లు కాదు, గడ్డి వేళ్ళు. కరువొచ్చినా పైన ఎండుతుంది కానీ కింద వేరు చావదు. గాలి ఎంత వీచినా మట్టి కదలదు.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. గోధుమల ధర బుషెల్‌కి రెండు డాలర్లు దాటింది. ప్రభుత్వం కూడా పండించమనే చెప్పింది. యుద్ధం అయిపోయాక ట్రాక్టర్లొచ్చాయి. లక్షల ఎకరాల గడ్డి దున్నేశారు. 1931లో గోధుమ విరగపండింది, ధర నలభై సెంట్ల చుట్టుపక్కలకు పడిపోయింది. ఆ వెంటనే కరువు మొదలైంది. పైరు లేదు, గడ్డీ లేదు. మట్టి లేచింది. 1934 మే నెలలో లేచిన దుమ్ము చికాగో, న్యూయార్క్ దాటి అట్లాంటిక్ సముద్రంలో ఓడల మీద కూడా పడింది. 1935 ఏప్రిల్ 14, ఆదివారం నాడు వచ్చిన నల్లటి తుఫానుకి 'బ్లాక్ సండే' అని పేరు మిగిలింది. ఆ ప్రాంతాన్ని 'డస్ట్ బౌల్' అనడం కూడా ఆ మరునాటి పత్రికల్లోంచే వాడుకలోకి వచ్చింది.

ఇదంతా శాస్త్రజ్ఞులకు తెలియక జరిగిందా అంటే, కాదు. హ్యూ హేమండ్ బెనెట్ అనే నేలల శాస్త్రజ్ఞుడు 1928లోనే నేల కోత దేశానికి ముప్పు అని ప్రభుత్వ ప్రచురణగా రాశాడు. ఎంతమంది చదివి ఉంటారో మీరే ఊహించుకోండి. మనం ఆఫీసులో రాసే రిపోర్టులు ఎంతమంది చదువుతారో అంతే! 1935లో తూర్పు నగరాల్లో కూడా దుమ్ము పడుతున్న రోజుల్లోనే కాంగ్రెస్ నేల పరిరక్షణ చట్టం చేసింది. బెనెట్ నాయకత్వంలో సాయిల్ కన్సర్వేషన్ సర్వీస్ ఏర్పడింది. కాగితం మీద ఏళ్ళ తరబడి చెప్పింది, కళ్ళల్లో పడ్డాక గానీ ఎక్కలేదు.

సినిమా ఆలోచన పుట్టింది కూడా అప్పుడే. రూజ్వెల్ట్ ప్రభుత్వంలో రీసెటిల్మెంట్ అడ్మినిస్ట్రేషన్ అనే శాఖ ఉండేది. దానికి అధిపతి రెక్స్‌ఫర్డ్ టగ్వెల్. ఆయన పేర్ లొరెంట్జ్ అనే కుర్రాణ్ణి పిలిచి ఈ పని అప్పగించాడు. లొరెంట్జ్ పత్రికల్లో సినిమా సమీక్షలు రాసేవాడు, అప్పటిదాకా ఒక్క సినిమా కూడా తీయలేదు. మొదట అనుకున్న ఖర్చు 6,000 డాలర్లు. చివరికి అంతకు మూడింతలయింది. మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

కష్టాలు కూడా తక్కువేమీ కాదు. పాల్ స్ట్రాండ్, రాల్ఫ్ స్టైనర్, లియో హర్విట్జ్ కెమెరా పనిచేశారు. ముగ్గురూ గట్టివాళ్ళే, కానీ కథ ఎట్లా చెప్పాలన్న దగ్గర లొరెంట్జ్‌తో పేచీ వచ్చింది. లాభాపేక్ష మీద ఇంకా ఘాటుగా తీయాలని వాళ్ళ పట్టు. పాత దృశ్యాలు కావాలంటే హాలీవుడ్ స్టూడియోలు సాయం చెయ్యలేదు. దర్శకుడు కింగ్ విడోర్ అడ్డంపడి ఇప్పించాడు. సంగీతం వర్జిల్ థామ్సన్. కౌబాయ్ పాటల వరసలు, చర్చి కీర్తనల వరసలు తీసుకుని అల్లాడు. ఆ ఊళ్ళవాళ్ళ చెవులకు అలవాటైన పాటలే అవి.

ఈ సినిమాలో శాస్త్రజ్ఞుడు కనపడడు. గ్రాఫులు లేవు. గడ్డి, గాలి, ఎండ, వాన లేకపోవడం, వీటినే మళ్ళీ మళ్ళీ చూపిస్తాడు. తర్వాత మడక దిగుతుంది. యుద్ధం వచ్చినప్పుడు ఓ పక్క యుద్ధ ట్యాంకులు, ఓ పక్క ట్రాక్టర్లు, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఏది ఎక్కడ నడుస్తోందో ఓ క్షణం తెలియదు. మా నాయన అక్కడ ముందుకు వంగాడు.

"ఈడ కూడా కసువంతా దున్నేసినారా? వేరు పెరికినాక మన్ను నిలుస్తాదా?" అన్నాడు.

ఇంగ్లీషు రాని మనిషి, బెనెట్ పేరు వినని మనిషి. అసలు విషయం పట్టేసుకున్నాడు.

కానీ, ఇదే సినిమా ఎవరి గురించి తీశారో ఆ మైదానాలవాళ్ళలో చాలామందికి నచ్చలేదు. పెద్ద పంపిణీ సంస్థలు వెయ్యమంటే, న్యూయార్క్‌లో రియాల్టో థియేటర్ లాంటివి ముందుకొచ్చాయి. దేశమంతా విడి థియేటర్లలో ఆడింది. టెక్సస్ ప్యాన్‌హాండిల్ నాయకులు మాత్రం మా ప్రాంతాన్నంతా ఎడారిగా చూపించారని మండిపడ్డారు. 1939లో సినిమాను పంపిణీలోంచి వెనక్కి తీసుకున్నారు. అదే శాఖకు ఫోటోలు తీసిన ఆర్థర్ రోత్‌స్టీన్‌కు కూడా ఇట్లాంటి దెబ్బే తగిలింది. 1936లో సౌత్ డకోటాలో ఓ ఎద్దు పుర్రెను కొద్ది అడుగులు జరిపి, పగిలిన నేల మీద పెట్టి ఫోటో తీశాడు. పత్రికలు పట్టుకుని దొంగ ఫోటో అన్నాయి. కరువు నిజమే, పుర్రె కూడా నిజమే. కానీ జరిపింది కూడా నిజమే. ఆ కొద్ది అడుగుల వల్ల మిగతా ఫోటోలన్నిటి మీదా అనుమానం పడింది.

సరిగ్గా ఆ 1939లోనే మన దగ్గర గూడవల్లి రామబ్రహ్మం గారి 'రైతుబిడ్డ' జమీందారుల ఆగ్రహానికి గురైంది. దాని విషయం వేరు, దేశం వేరు. కానీ నేల గురించి సినిమా తీస్తే నేల మీద పెత్తనం ఉన్నవాళ్ళకు కోపం రావడం రెండు చోట్లా ఒకటే.

అయితే టెక్సస్ రైతుల కోపమంతా పెద్దల కోపమేనని నేను కొట్టిపారెయ్యలేను. లొరెంట్జ్ సినిమాలో రైతులు కనిపిస్తారు కానీ మాట్లాడరు. వెనకనుంచి ఓ గంభీరమైన గొంతు వాళ్ళ గురించి చెప్తుంది. అంతకుముందు ఆ గడ్డిలో బతికిన ఆదివాసుల సంగతైతే ఒక్క వాక్యంలో అయిపోతుంది. చివర్లో పునరావాసం గురించి ఉన్న చిన్న భాగాన్ని కూడా తర్వాత తీసేశారు. తప్పు జరిగిందని తెలుస్తుంది, రేప్పొద్దున ఏం చెయ్యాలో తెలియదు. ఆ 'ఏం చెయ్యాలి'ని పొలాల్లో చూపించింది బెనెట్ మనుషులు. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు వెయ్యడం, పట్టీలు పట్టీలుగా పైర్లు మార్చడం. 1934 నుంచి 1942 దాకా గాలికి అడ్డంగా దాదాపు 22 కోట్ల చెట్లు నాటారు.

లొరెంట్జ్ కూడా నేర్చుకున్నాడనిపిస్తుంది. 1937లో మిసిసిపీ నది మీద తీసిన 'ద రివర్'లో అడవులు కొట్టడం, పత్తి, నేల కోత, వరద వరసగా చూపించి, చివర్లో బాగుచేసే పని కూడా చూపించాడు. దాన్ని పారమౌంట్ సంస్థే పంపిణీ చేసింది. 1938లో వెనిస్‌లో బహుమతి కూడా వచ్చింది. ఇక ఆ జనంలోంచే వచ్చిన గొంతు కావాలంటే వుడీ గత్రీని వినండి. బ్లాక్ సండే నాడు ఆయన టెక్సస్‌లో పాంపా అనే ఊళ్ళో ఉన్నాడు. దుమ్ము తిన్నవాడే దుమ్ము మీద పాడాడు. 'డస్ట్ బౌల్ బాలడ్స్' రికార్డులు 1940లో వచ్చాయి. వాటి మీద పాంపా జనం అలిగారని నేనెక్కడా చదవలేదు!

ఆ రోజు సినిమా అయ్యాక నేను నాయనకు మిగతా కథ చెప్పాను. వానలు 1939 ప్రాంతంలో తిరిగొచ్చాయనీ, రెండో యుద్ధం తర్వాత అదే మైదానాల కింద ఉన్న ఒగలాలా అనే భూగర్భజలాన్ని మోటార్లతో తోడటం మొదలుపెట్టారనీ, టెక్సస్ వైపు ఆ నీటిమట్టం బాగా కిందికి పోయిందనీ చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన బోర్ల కత కూడా ఎవురన్నా తీస్తే బాగుండు. దాంట్లో నువ్వు కూడా ఉంటావు" అన్నాడు.

"నేనెందుకు?" అన్నాను.

"దుడ్డు పంపించింది ఎవురు?"

నిజమే. మా పొలంలో మూడు బోర్లు నా డాలర్లతో వేసినవే. మొదటిది ఎండితే రెండోది, రెండోది ఎండితే ఇంకా లోతుగా మూడోది. భూగర్భజలాల గురించి నాకు తెలియక కాదు, చాలా చదివాను. కానీ గోధుమ ధర చూసి ఇంకో ఎకరం దున్నిన మనిషిని తెర మీద చూసేదాకా, పక్కన నాయన ఆ మాట అనేదాకా, ఆ కథలో నేనొకణ్ణని తట్టలేదు.

నాలుగో బోరుకి పక్కన పెట్టిన డబ్బుతో ఆ ఏడాది పొలంలో ఓ నీటికుంట తవ్వించి, గట్లు వేయించాం. దాంతో కరువు పోయిందని చెప్పను. ఓ మంచి వానకు కుంట నిండిందని మాత్రం నాయన ఫోన్లో చెప్పాడు.

ప్రభుత్వం తీసిన సినిమా కనుక ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీ పిల్లలతో కూచుని చూడండి. ఊరి నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఉంటే వాళ్ళను కూడా పక్కన కూచోబెట్టుకోండి. అర్థం చెప్పే తొందర పెట్టుకోకుండా, వాళ్ళేమంటారో వినండి.