క్లబ్ సభ్యత్వం: దరఖాస్తు నుంచి బహిష్కరణ దాకా నియమాలు ఏం చెబుతాయి?

హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల్లో పాత క్లబ్బులకు పెద్ద పేరుంది. సికింద్రాబాద్ క్లబ్ 1878లో, నిజాం క్లబ్ 1884లో మొదలయ్యాయి. సికింద్రాబాద్ క్లబ్ పాత భవనం ఒకప్పుడు మొదటి సాలార్‌జంగ్‌కు చెందిన వేట బంగళా. 2022 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో అది బాగా దెబ్బతింది. ఇలాంటి చోట పిల్లలకు ఈత, టెన్నిస్ ఉంటాయి, పెద్దలకు లైబ్రరీ, దావత్‌లకు హాలు ఉంటాయి. అందుకే సభ్యత్వం కోసం కుటుంబాలు ఏళ్ల తరబడి ఎదురుచూస్తాయి, పెద్ద మొత్తమే కడతాయి.

కానీ కట్టిన డబ్బుకు ప్రతిగా వచ్చిందేమిటన్నది చాలా ఇళ్లలో ఎవరూ అడగరు. సభ్యత్వం అంటే ప్లాటు కొన్నట్టు కాదు. అది క్లబ్బుకు, సభ్యుడికి మధ్య ఒక ఒప్పందం. ఆ ఒప్పందం మొత్తం బైలాస్ అనే చిన్న పుస్తకంలో ఉంటుంది. సభ్యుడు పోయాక భార్యకు ప్రవేశం ఉంటుందా, కూతురికి హక్కు ఉందా, కమిటీ కోపం వస్తే పేరు కొట్టేయగలదా అనే ప్రశ్నలకు జవాబు వెతకాల్సింది ముందుగా అక్కడే.

క్లబ్ ఏ చట్టం కింద ఉంటుంది?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో చాలా క్లబ్బులు సొసైటీలుగా రిజిస్టర్ అవుతాయి. దీనికి ఆధారం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. అంతకుముందు తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలం నాటి 1350 ఫసలీ చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి చట్టం నడిచేవి. 2001లో రెండింటి స్థానంలో ఒకే చట్టం వచ్చింది. కనీసం ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టవచ్చు. ఆశయాలు చెప్పే మెమొరాండం, నడిపే తీరు చెప్పే బైలాస్ రెండూ జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి.

కొన్ని క్లబ్బులు కంపెనీలుగా కూడా నమోదవుతాయి. ఢిల్లీ జింఖానా క్లబ్ అలాంటిదే. కంపెనీ అయితే కంపెనీల చట్టం వర్తిస్తుంది, పర్యవేక్షణ కూడా గట్టిగా ఉంటుంది. ఆ క్లబ్బు సభ్యత్వాల కేటాయింపు, నిధుల వాడకంపై కేంద్ర ప్రభుత్వం 2020లో కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లింది. క్లబ్ నిర్వహణకు 15 మందిని డైరెక్టర్లుగా నియమించేందుకు ట్రిబ్యునల్ 2022లో ప్రభుత్వానికి అనుమతి ఇచ్చింది. ఎంత ప్రైవేటు క్లబ్ అయినా తాను నమోదైన చట్టానికి లోబడాల్సిందే.

సభ్యుడిగా ఎలా చేర్చుకుంటారు?

పద్ధతి దాదాపు అన్ని పాత క్లబ్బుల్లో ఒకేలా ఉంటుంది. దరఖాస్తును ఒక పాత సభ్యుడు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి. పేరు కొన్నాళ్లు నోటీసు బోర్డు మీద ఉంటుంది. అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చు. తర్వాత కమిటీ ఇంటర్వ్యూ, దాని తర్వాత ఓటింగ్. కొన్ని క్లబ్బుల్లో ఇది రహస్య బ్యాలెట్. పూర్వం పెట్టెలో తెల్ల గోళీ వేస్తే సమ్మతి, నల్ల గోళీ వేస్తే తిరస్కారం. గోళీలు పోయినా, కొద్దిమంది వద్దంటే దరఖాస్తు ఆగిపోయే నియమం కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. సభ్యత్వం ఇవ్వమని అడిగే హక్కు బయటివారికి ఉండదు. రాజ్యాంగంలోని 19వ అధికరణం సంఘం పెట్టుకునే హక్కు ఇస్తుంది. తమతో ఎవరుండాలో తేల్చుకోవడం కూడా ఆ హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పింది. అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం, సభ్యత్వం పార్సీలకే అని బైలాలో రాసుకుంది. 2005లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అంటే తలుపు తెరవాలా వద్దా అన్నది లోపలివాళ్ల ఇష్టం. ఒకసారి లోపలికి తీసుకున్నాక మాత్రం ఇష్టం వచ్చినట్టు నడవదు. అప్పటినుంచి నియమం ఇద్దరినీ కట్టేస్తుంది.

సభ్యత్వంలో రకాలు

అన్ని కార్డులూ ఒకటి కావు. పర్మనెంట్ సభ్యుడికి సాధారణంగా ఓటు, ఎన్నికల్లో నిలబడే హక్కు రెండూ ఉంటాయి. అసోసియేట్, తాత్కాలిక, కార్పొరేట్, గౌరవ సభ్యులకు సౌకర్యాలు ఉంటాయి గానీ, చాలాచోట్ల ఓటు ఉండదు. కార్పొరేట్ సభ్యత్వం కంపెనీ పేరు మీద ఉంటుంది, ఉద్యోగం మారితే అది కూడా పోతుంది. డిపెండెంట్ కార్డు అసలు సభ్యత్వమే కాదు. సభ్యుడి నీడలో దొరికే ప్రవేశం మాత్రమే.

డబ్బు కూడా రెండు రకాలు. ఎంట్రన్స్ ఫీజు తిరిగి రాదు. డిపాజిట్ అని రసీదులో ఉంటే, నియమం ప్రకారం తిరిగి వస్తుంది. రసీదులో ఏ మాట రాశారో చూసుకుని పెట్టుకోవడం మంచిది.

భార్య, పిల్లలు, వారసత్వం

ఇంట్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే వస్తుంది. "నాన్న మెంబర్ కదా, ఇప్పుడు నేను మెంబర్" అనుకుంటారు కొడుకులు. అలా కాదు. సభ్యత్వం వ్యక్తిగతం, మనిషితోనే ముగుస్తుంది. బైలా ప్రత్యేకంగా చెబితే తప్ప అది తర్కాలో చేరదు, విరాసత్ ప్రకారం పంచుకునేది కాదు. సభ్యుల పిల్లలకు ఫలానా వయసు లోపు దరఖాస్తు చేస్తే వరుసలో ముందు అవకాశం, తక్కువ ఫీజు అనే నియమం చాలా క్లబ్బుల్లో ఉంటుంది. ఆ వయసు దాటితే అవకాశం పోతుంది. తండ్రి బతికుండగానే గడువు చూసుకోవాలి.

సభ్యుడు చనిపోతే భార్య సౌకర్యాలు కొనసాగించుకోవచ్చని కొన్ని నియమావళులు రాస్తాయి. ఆమె గడువులోగా దరఖాస్తు పెట్టాలన్న షరతు కూడా ఉండవచ్చు. ఇద్దత్‌లో ఉన్న స్త్రీ క్లబ్ ఆఫీసు చుట్టూ తిరగలేదు కాబట్టి, ఆ గడువు ఇంట్లో మరొకరికి తెలిసి ఉండాలి. ఉత్తరం పంపితే సరిపోతుందో లేదో కూడా ముందే కనుక్కోవాలి. కొడుక్కు ఇచ్చే అవకాశం కూతురికి ఉందా, పెళ్లయ్యాక కూడా ఉంటుందా అన్నది మరో ముఖ్యమైన ప్రశ్న.

తిరిగి వచ్చే డిపాజిట్ సంగతి వేరు. అది క్లబ్బు సభ్యుడికి బాకీ ఉన్న డబ్బు, కాబట్టి తర్కాలో భాగం. క్లబ్ బిల్లు బాకీ ఉంటే అది మరణించినవారి మీద ఖర్జ్, పంపకానికి ముందే తీర్చాలి. నామినీగా పేరు రాసినంత మాత్రాన డబ్బంతా అతనిదే అయిపోదు. బీమా విషయంలో 1984లో, కంపెనీ షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: నామినీ డబ్బు అందుకుంటాడు, హక్కు వారసులదే.

స్త్రీలకు పూర్తి సభ్యత్వం ఇవ్వడంలో పేరున్న క్లబ్బులు చాలా ఆలస్యం చేశాయి. 1907లో పెట్టిన కలకత్తా క్లబ్ 2007లో గానీ స్త్రీలను సభ్యులుగా తీసుకోలేదు. లండన్‌లోని గారిక్ క్లబ్ 1831 నుంచి ఉంది, అక్కడ ఈ మార్పు 2024లో వచ్చింది.

జనరల్ బాడీ పెద్దదా, కమిటీ పెద్దదా?

జనరల్ బాడీయే పెద్దది. ఓటున్న సభ్యులంతా కలిస్తే జనరల్ బాడీ. ఏడాదికోసారి సమావేశమై లెక్కలు ఆమోదిస్తుంది, ఆడిటర్‌ను నియమిస్తుంది, నియమాలు మారుస్తుంది. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్, ఇతర సభ్యులతో ఉండే కమిటీ రోజువారీ పని చూస్తుంది. కమిటీ తీర్మానం బైలాను దాటి పోకూడదు. ఎన్నికైన కమిటీ పేర్ల జాబితాను ఏటా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి.

సమావేశం చెల్లాలంటే కోరం ఉండాలి, నోటీసు నియమం ప్రకారం ముందుగా అందాలి, చర్చించే అంశం ఎజెండాలో ఉండాలి. "ఇతర విషయాలు" అన్న పేరుతో చివర్లో బైలా మార్చేయడం కుదరదు. నియమం మార్చడానికి మామూలు మెజారిటీ చాలదు, ప్రత్యేక మెజారిటీ కావాలి. లండన్‌లోని ఎంసీసీ క్రికెట్ క్లబ్ ఇందుకు మంచి ఉదాహరణ. స్త్రీలను చేర్చుకునే ప్రతిపాదనకు 1998 ఫిబ్రవరిలో సగానికి పైగా ఓట్లు వచ్చాయి, అయినా ఓడిపోయింది. మూడింట రెండొంతులు కావాలి మరి. అదే ఏడాది సెప్టెంబర్‌లో మళ్లీ ఓటింగ్ పెడితే దాదాపు 70 శాతం వచ్చి నెగ్గింది. సమావేశానికి రాని సభ్యుడు, ఓటేయని సభ్యుడు కూడా ఫలితాన్ని మారుస్తున్నట్టే.

లెక్కలు, పన్ను

సభ్యులు తమలో తాము డబ్బు వేసుకుని తమకోసమే ఖర్చు పెట్టుకుంటే అది లాభం కాదన్నది పాత సూత్రం. ఒక జేబులోంచి తీసి మరో జేబులో వేసుకున్నట్టే. 2019లో కలకత్తా క్లబ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని మళ్లీ ఒప్పుకుంది. అయితే బ్యాంకులో వేసిన డిపాజిట్ల మీద వచ్చే వడ్డీకి ఈ మినహాయింపు లేదు. సికింద్రాబాద్ క్లబ్ కేసులోనే 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. వార్షిక లెక్కల్లో సభ్యుల చందా ఎంత, బయటినుంచి వచ్చిన ఆదాయం ఎంత అని విడిగా చూడమనేది ఇందుకే.

పేకాట, డ్రెస్ కోడ్

రమ్మీ విషయంలో ఇప్పటికీ చెప్పుకునే తీర్పు సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బు కేసులో వచ్చింది. 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా చూసింది, సభ్యులు ఆడుకోవడానికి క్లబ్ తీసుకునే మామూలు రుసుమును జూదపు లాభంగా చూడలేదు. అయితే ఆట మీద క్లబ్బో, నిర్వాహకుడో లాభం తింటే పరిస్థితి మారుతుందని కూడా చెప్పింది. ఇది 1967 నాటి తీర్పు మాట. దీన్‌లో హలాల్, హరామ్ ప్రశ్న వేరు, దాన్ని ఉలమాను అడిగి తెలుసుకోవాలి. బార్, పేకాట గది ఉన్న క్లబ్బులో కుటుంబం ఏ భాగం వాడుకుంటుంది, పిల్లలను ఎక్కడిదాకా పంపుతుంది అన్నది చేరకముందే మాట్లాడుకోవాల్సిన విషయం.

దుస్తుల మీద కూడా క్లబ్బులకు నియమాలుంటాయి. 2014లో చెన్నైలో పంచె కట్టుకుని వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని ఒక క్లబ్ లోపలికి రానివ్వకపోవడంతో పెద్ద దుమారం రేగింది. తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది సంప్రదాయ దుస్తుల మీద నిషేధం చెల్లదంటూ చట్టం తెచ్చింది. ఆ చట్టం తమిళనాడుకే పరిమితం. మన దగ్గర షేర్వానీ, కుర్తా పైజమా, హిజాబ్, ఈతకొలనులో ఒళ్లంతా కప్పే దుస్తుల గురించి ఆయా క్లబ్బు నియమం ఏముందో రాతపూర్వకంగా అడగాలి. గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పేది నియమం కాదు.

సభ్యుడిని తీసేయాలంటే

చందా కట్టకపోవడం, దుష్ప్రవర్తన, క్లబ్ ప్రయోజనాలకు భంగం కలిగించడం అనేవి మామూలుగా చూపే కారణాలు. కానీ పద్ధతి తప్పకూడదు. ఆరోపణ ఏమిటో చెబుతూ నోటీసు ఇవ్వాలి. జవాబుకు సమయం ఇవ్వాలి. సభ్యుడి మాట వినాలి. ఫిర్యాదు చేసినవారే తీర్పు చెప్పే స్థానంలో కూర్చోకూడదు.

1962లో కర్ణాటకలోని బెళగావి ఫ్రీమేసన్ లాడ్జి కేసులో సుప్రీంకోర్టు ఇందుకు కొలత ఇచ్చింది. బహిష్కరించే అధికారం నియమాల నుంచే వస్తుంది కాబట్టి వాటిని కచ్చితంగా పాటించాలి. విచారణ న్యాయంగా, సద్బుద్ధితో జరగాలి. ఇవి సరిగా ఉంటే కోర్టు క్లబ్ నిర్ణయంపై అప్పీలు కోర్టులా కూర్చోదు. ఆ కేసులో సభ్యుడు ఓడిపోయాడు కూడా. కాబట్టి నోటీసు వచ్చినప్పుడు పట్టించుకోకుండా కూర్చుని, పేరు తీసేశాక కోర్టుకు వెళ్దాంలే అనుకోవడం ప్రమాదం. గడువులోగా రాతపూర్వక జవాబు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి.

గొడవ వస్తే ఎక్కడికి?

ముందు కమిటీకి లేఖ, తర్వాత బైలాలో చెప్పిన సంఖ్యలో సభ్యుల సంతకాలతో ప్రత్యేక జనరల్ బాడీకి డిమాండ్. అక్కడా తేలకపోతే 2001 చట్టంలోని 23వ సెక్షన్ దారి చూపుతుంది. సభ్యుడు మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. సమాచార హక్కు చట్టం సాధారణంగా ప్రైవేటు క్లబ్బులకు వర్తించదు. రిజిస్టర్ అయినంత మాత్రాన సంఘం ప్రభుత్వ సంస్థ కాదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన పత్రాల నకలు ఫీజు కట్టి తీసుకోవచ్చు.

మన అంజుమన్‌లకు కూడా ఇదే చట్టం

క్లబ్బు సంగతి మనకెందుకు అనుకునే కుటుంబాలకు కూడా ఇందులో పని ఉంది. బస్తీలోని వెల్ఫేర్ సొసైటీ, స్కూలు నడిపే ఎడ్యుకేషనల్ సొసైటీ, చాలా అంజుమన్‌లు ఇదే 2001 చట్టం కింద నమోదై ఉన్నాయి. వక్ఫ్ ఆస్తుల నిర్వహణకు వేరే చట్టం ఉంది. సొసైటీగా ఉన్న ప్రతి సంఘంలో సదర్ సాబ్ అధికారం కూడా బైలాస్ గీసిన గీత లోపలే. ఏళ్ల తరబడి ఎన్నికలు పెట్టని, లెక్క చూపని కమిటీని సభ్యుడు ప్రశ్నించడం బేఅదబీ కాదు, చట్టం ఇచ్చిన హక్కు.

సంతకం పెట్టేముందు అడగాల్సినవి ఇవి:

- ఇది ఏ రకం సభ్యత్వం, ఓటు ఉందా?
- కట్టే డబ్బులో ఎంత తిరిగి వస్తుంది?
- సభ్యుడు మరణిస్తే భార్యకు ఏం ఉంటుంది, ఎన్ని రోజుల్లో దరఖాస్తు చేయాలి?
- కొడుకులకు, కూతుళ్లకు ఒకే నియమమా, వయసు పరిమితి ఎంత?
- చందా ఎన్ని నెలలు బాకీ ఉంటే పేరు తీసేస్తారు?
- గత సంవత్సరం ఆడిట్ లెక్కలు, తాజా బైలాస్ ప్రతి ఇస్తారా?

చివరి ప్రశ్నకు "తర్వాత చూద్దాం" అన్న జవాబు వస్తే, చెక్కు కూడా తర్వాతే రాయాలి.