సగం వాటా ఉంటే పని వచ్చేసినట్టేనా? ఒక శాంఘై కార్ల కంపెనీ కథ

"జాయింట్ వెంచర్" అంటే పరీక్షలో రెండు మార్కుల నిర్వచనం రాసేసి వదిలేస్తాం కదా. దాని వెనక నలభై ఏళ్ల కథ ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

1980ల మొదట్లో శాంఘై ప్రభుత్వ ఫ్యాక్టరీ చేసేది పాతకాలం కార్లే, అదీ ఏడాదికి కొన్ని వేలు. 1984లో జర్మనీ ఫోక్స్‌వాగన్‌తో ఒప్పందం కుదిరింది. వాటా చెరి సగం. మరుసటి ఏడాది శాంటానా కారు మొదలైంది. ఆ ప్రభుత్వ సంస్థే ఇవాళ్టి సాయిక్.

మొదట్లో తయారీ అంటే బిగింపే. పెట్టెల్లో వచ్చిన భాగాలు తీసి బోల్టులు బిగించేవాళ్లు. 1987లో కూడా కారులో అక్కడ చేసింది మూడు శాతం లోపే. అప్పుడు నగర ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. అమ్మిన ప్రతి కారు మీద కొంత సొమ్ము తీసి, విడిభాగాల ఫ్యాక్టరీలు నిలబడటానికి పెట్టింది. నాణ్యతలో మాత్రం జర్మన్లు రాజీపడలేదు. 1990ల మధ్యకల్లా 80 శాతం పైగా భాగాలు చైనాలోనే తయారయ్యాయి.

1994 విధానం విదేశీ వాటా 50 శాతం దాటకూడదంది. 1997లో అమెరికా జనరల్ మోటార్స్ వచ్చింది. 2002లో ఆ ఇద్దరూ వూలింగ్‌తో కలిశారు. వూలింగ్ ఊరు లియుజౌ, చైనాలో అతి పెద్ద మైనారిటీ జాతి అయిన జువాంగ్‌ల స్వయంపాలిత ప్రాంతంలో ఉంది. 2020లో అక్కడి నుంచే చవకైన చిన్న ఎలక్ట్రిక్ కారు వచ్చింది.

2018లో సాయిక్ అమ్మకాలు 70 లక్షల వాహనాలు. కానీ ఎక్కువ భాగం భాగస్వాముల పేర్ల మీదే. ఎలక్ట్రిక్ కార్లు రాగానే ఆ పేర్ల మోజు తగ్గింది. 2024లో అమ్మకాలు 40 లక్షలకి పడ్డాయి. విదేశీ కార్ల భాగస్వామ్యాల మీద ఆధారపడకుండా ఎదిగిన ప్రైవేటు కంపెనీ బీవైడీ, ఆ ఏడాదే దాన్ని దాటేసింది.

మన దేశంలో ఎంజీ కార్లు కూడా సాయిక్‌వే. 2017లో గుజరాత్ హలోల్‌లో జనరల్ మోటార్స్ ప్లాంటు కొన్నది. 2020 నుంచి పొరుగు దేశాల పెట్టుబడికి కేంద్రం అనుమతి తప్పనిసరి అయింది. 2023లో జేఎస్‌డబ్ల్యూకి 35 శాతం ఇచ్చే ఒప్పందం చేసుకుంది. ఒకప్పుడు విదేశీయులకి సగం వాటా ఇచ్చిన సంస్థ, ఇక్కడ తానే విదేశీ భాగస్వామి!

నాకర్థమైంది ఇది. వాటా కాగితం మీద వస్తుంది, పని మాత్రం చేతికి రావాలి. విడిభాగాల దగ్గర శాంఘై పట్టుబట్టి నేర్చుకుంది, గెలిచింది. సొంత పేరు దగ్గర నిదానించింది, వెనకబడింది. మన దగ్గరికి ఎవరైనా "వాటా ఇస్తాం" అని వస్తే, ముందు "ఏం నేర్పుతారు?" అని అడుగుదామా? మీ మాట కింద రాయండి.