హద్దు ఎక్కడి నుంచి? మూసీ రక్షణ నిబంధనల చరిత్ర - ఒక పరిశీలన

నదిని రక్షించదలచిన ప్రతి నిబంధనా ఎక్కడో ఒకచోట హద్దు గీయవలసి ఉంటుంది. ఆ హద్దును దేని నుంచి కొలిచారో గమనిస్తే, ఆ నిబంధన నిజానికి దేనిని కాపాడదలచిందో తెలుస్తుంది. మూసీకి సంబంధించిన ప్రభుత్వ నిర్ణయాలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు మీదుగా సాగి, వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే ఈ నది నగరానికి మొదట భయకారణం, తరువాత తాగునీటి ఆధారం. నిబంధనలు ప్రధానంగా ఈ రెండింటి చుట్టూ ఏర్పడ్డాయి.

1908 సెప్టెంబరు 28నాటి వరదలో సుమారు 15 వేల మంది మరణించారని అంచనా. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను నగరంలో కాక ఎగువనే నిలపాలని సూచించారు. ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) వెలిశాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కాలంలో నగరంలోని తీరం రూపురేఖలు మారాయి. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి భవనాలు ఒడ్డునే లేచాయి. తీరం ఖాళీగా ఉండాలన్న ఆలోచన కంటే, తీరం శోభగా ఉండాలన్న ఆలోచనే అప్పుడు బలంగా ఉండేదని నా అభిప్రాయం.

భూవినియోగాన్ని నేరుగా నియంత్రించిన ఉత్తర్వు 1996 మార్చి 8న వచ్చింది. జనవ్యవహారంలో అది 'నూటపదకొండు జీవో'. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను అది నిషేధించింది. 84 గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. భూమిలో 90 శాతం సేద్యానికి, ఇతర పరిరక్షక వినియోగాలకే ఉండాలన్నది. కొత్త లేఅవుట్లలో 60 శాతం ఖాళీ స్థలానికి, రోడ్లకు వదలాలన్నది. మరుసటి ఏడాదే పెద్దషాపూర్‌లో ఒక నూనె పరిశ్రమకు ప్రభుత్వమే మినహాయింపునిచ్చింది. సుప్రీంకోర్టు 1999లో ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించి, హాని లేదని నిరూపించే బాధ్యతను పరిశ్రమ పెట్టదలచినవారిపై ఉంచింది. 2000 డిసెంబరులో ఆ మినహాయింపును చెల్లదన్నది.

అయితే ఆ గ్రామాల రైతుల ఫిర్యాదును తేలికగా కొట్టివేయలేము. నీరు తాగింది నగరం. భూమి విలువ పెరగని భారం మోసింది వారు. పైగా వారి కళ్లెదుటే ఫామ్‌హౌసులు లేచాయి.

ఇక్కడ కొలతకు ఆధారం జలాశయపు నీటిమట్టమే గాని నది కాదు. ఉత్తర్వు రక్షించినది తాగునీటిని. కృష్ణా, గోదావరి జలాలు నగరానికి చేరాక ఈ జలాశయాలు ప్రధాన ఆధారం కావన్న కారణంతో 2022 ఏప్రిల్ 12న ప్రభుత్వం, నీటి నాణ్యత చెడరాదన్న షరతుతో, ఆంక్షలను ఎత్తివేసింది. దీనిని 1996 ఉత్తర్వుకు విరుద్ధమని చాలామంది భావించారు. నిజానికి అది ఆ ఉత్తర్వు తర్కానికే కొనసాగింపు. అవసరం మీద నిలిపిన రక్షణ అవసరంతోపాటే పోయింది.

2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు మాత్రం నది నుంచే కొలుస్తాయి: పురపాలక పరిధిలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు. కాని జలాశయానికి ఉన్నట్లు నదికి స్థిరమైన నీటిమట్టం లేదు. దాని హద్దు రికార్డుల్లో వెతకవలసినదే. ఆ రికార్డుల భాష కూడా గమనార్హం. చెరువు లోపలి భూమిని 'శిఖం' అంటారు. పారసీలో ఆ మాటకు కడుపు అని అర్థం. 'నాలా' అంటే నీటి కాలువ. అదే పేరుతో సాగుభూమిని ఇళ్లస్థలంగా మార్చే అనుమతి కూడా వ్యవహారంలో ఉంది. ఒకే కార్యాలయంలో రెండర్థాలూ నడుస్తాయి.

ఈ జలాశయాలను కట్టినది మొదట వరద కోసమన్న సంగతి 2022 నాటి వాదనలో మరుగున పడింది. తాగునీటిలో వాటి వాటా తగ్గినంత మాత్రాన వరదను నిలిపే పని తగ్గదు. అంతకు రెండేళ్ల ముందే, 2020 అక్టోబరు వర్షాలకు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తవలసివచ్చింది. దిగువన నదీగర్భంలోని బస్తీల ఇళ్లపై 2024లో కూల్చివేత కోసం ఎర్రగుర్తులు పడ్డాయి. ఎగువన పది కిలోమీటర్ల హద్దు తొలగింది. దిగువన కొత్త హద్దు ఇళ్ల గోడల మీదికి వచ్చింది.