ఎంటర్‌ప్రైజ్ పడవ రిగ్గింగు

ఎంటర్‌ప్రైజ్ ఇద్దరు కలసి నడిపే చిన్న తెరచాప పడవ. బ్రిటనుకు చెందిన జాక్ హోల్ట్ దీనిని 1956లో న్యూస్ క్రానికల్ అనే దినపత్రిక కోసం రూపొందించాడు. దీని పొడవు 4.04 మీటర్లు, వెడల్పు సుమారు 1.6 మీటర్లు. లేత నీలిరంగు తెరచాపలు దీని గుర్తు. తొలినాటి పడవలను ప్లైవుడ్‌తో చాలామంది స్వయంగా కట్టుకొన్నారు. తరువాత ఫైబర్‌గ్లాసు పడవలు వచ్చాయి. 20,000కు పైగా తయారైనందువలన పాత పడవలు చేతులు మారడం సాధారణం. అలా మారేటప్పుడు రిగ్గింగు భాగాలు కొన్ని తప్పిపోతుంటాయి. స్తంభాన్ని నిలబెట్టి, తెరచాపలను ఎత్తి అదుపులో ఉంచే తీగలు, తాళ్ళు, కప్పీలు, పిన్నులు అన్నిటినీ కలిపి రిగ్గింగు అంటారు.

భాగాలు

రిగ్గింగు రెండు రకాలు. స్తంభాన్ని కదలకుండా పట్టి ఉంచేది స్థిర రిగ్గింగు. స్తంభానికి ఇరువైపులా ఉండే ష్రౌడులు అనే ఉక్కు తీగలు, ముందువైపు తీగ ఈ రకానికి చెందినవి. తెరచాపలను కదిలించే తాళ్ళు చలన రిగ్గింగు. వీటిలో తెరచాపను పైకెత్తే తాడును హాల్యార్డు అని, దాని కోణాన్ని మార్చే తాడును షీటు అని అంటారు. జిబ్ అనే ముందు తెరచాప అంచులో కూడా ఉక్కు తీగ ఉంటుంది. ప్రయాణంలో స్తంభాన్ని ముందుకు లాగి ఉంచే బరువులో ఎక్కువ భాగాన్ని ఈ తీగే మోస్తుంది. అందుచేత జిబ్ హాల్యార్డు పోయినప్పుడు దాని స్థానంలో సాగే తాడు కట్టరాదు.

లోపించిన వాటిని గుర్తించడం

కొనుగోలుకు ముందు పడవను నేలమీదనే పూర్తిగా అమర్చి చూడడం ఉత్తమ పద్ధతి. అప్పుడు ఏ రంధ్రానికి పిన్ను లేదో, ఏ కొక్కేనికి తాడు లేదో తెలిసిపోతుంది. పోటీలలో పాల్గొనే పడవకు కొత్త భాగాలు ఆ తరగతి నిబంధనలకు లోబడి ఉండాలి.

ష్రౌడుల కొలత

ఒక ష్రౌడు మాత్రమే పోతే రెండవదాని పొడవునే కొలతగా తీసుకొనవచ్చును. పొడవును ఒక చివర పిన్ను రంధ్రం నుండి రెండవ చివర పిన్ను రంధ్రం వరకు, తీగను బిగలాగి కొలవాలి. రెండూ పోయినచో స్తంభాన్ని తాళ్ళతో తాత్కాలికంగా నిలిపి, సాగని దారంతో కొలుస్తారు. పెద్ద తెరచాప హాల్యార్డు చివరను పడవ కుడి, ఎడమ అంచులపై ఎదురెదురు స్థానాలకు తెచ్చినప్పుడు దూరాలు సమానమైతే స్తంభం ప్రక్కకు ఒరగలేదని అర్థం. క్రింది చివర రంధ్రాల పట్టీ ఉంటే మధ్య రంధ్రానికి సరిపోయేలా తీగను చేయించాలి. తరువాత బిగించడానికి, వదులు చేయడానికి వీలుంటుంది.

స్థిర రిగ్గింగుకు 19 పోగులను పేనిన, తక్కువగా సాగే తీగను వాడతారు. కప్పీల మీద వంగవలసిన తీగకు ఇంకా సన్నని పోగులు ఎక్కువగా ఉన్న మెత్తని రకం కావాలి. పాత తీగలో ఒక్క పోగు తెగి ఉన్నా తీగ మొత్తాన్ని మార్చాలి.

తాళ్ళు

హాల్యార్డులకు, షీట్లకు తక్కువగా సాగే పాలిస్టరు తాడు అనువైనది. నైలాను ఎక్కువ సాగుతుంది కనుక లంగరుకు మేలు. పెద్ద తెరచాప హాల్యార్డు పొడవు స్తంభం ఎత్తుకు రెండింతల కంటె కొంచెం ఎక్కువ ఉండాలి. షీటు పొడవు కప్పీల మధ్య ఎన్ని వరుసలు ఉన్నాయన్న దానిని బట్టి మారుతుంది. ఉదాహరణకు 4 వరుసలు ఉండి, కప్పీల మధ్య గరిష్ఠ దూరం 2 మీటర్లైతే 8 మీటర్లు, చేతిలో పట్టుకొనడానికి మరి 2 మీటర్లు, మొత్తం 10 మీటర్లు అవసరం.

పిన్నులు, రింగులు

తప్పిపోయేవాటిలో అతి చిన్నది, అతి ప్రమాదకరమైనది ష్రౌడు పిన్నును జారిపోకుండా ఆపే రింగు. పడవ దిశ మారిన ప్రతిసారీ గాలివైపు ష్రౌడు బిగుసుకొని, అవతలిది వదులవుతుంది. రింగు లేని పిన్ను ఆ వదులులో కొద్దికొద్దిగా బయటకు జరుగుతుంది. అది పూర్తిగా జారిపోయాక ఆ వైపు బరువు పడగానే స్తంభం కూలిపోతుంది. పడవలోని వారికి తలపై దెబ్బ తగలవచ్చును. ఈ స్థానంలో ఇనుప తీగ ముక్కను గాని, మేకును గాని వాడరాదు. రింగు పైన టేపు చుట్టడం మంచి అలవాటు.

లోహాల ఎంపిక

అల్యూమినియం స్తంభానికి స్టెయిన్‌లెస్ స్టీలు భాగాన్ని నేరుగా బిగిస్తే, ఉప్పునీటి తడిలో అల్యూమినియం క్షీణిస్తుంది. అందువలన రెండింటి మధ్య ప్లాస్టిక్ పొర ఉంచుతారు. తెరచాప పడవల పోటీలు జరిగే హైదరాబాదు హుస్సేన్ సాగర్ వంటి సరస్సులలో ఈ క్షీణత నెమ్మదిగాను, విశాఖపట్నం వంటి సముద్రతీరాలలో వేగంగాను ఉంటుంది. సముద్రంలో నడిపిన పడవను ప్రతిసారీ మంచినీటితో కడగాలి.

జాగ్రత్తలు

అల్యూమినియం విద్యుద్వాహకం. కనుక స్తంభాన్ని లేపే ముందు, పడవను నీటివద్దకు నెట్టే ముందు పైన విద్యుత్తు తీగలు లేవని నిర్ధారించుకోవాలి. భాగాలు మార్చిన పడవను మొదట తేలికపాటి గాలిలో, ఒడ్డుకు దగ్గరగా నడిపి, తిరిగి వచ్చాక ప్రతి పిన్నును, రింగును మరల పరీక్షించాలి.

ఇవి కూడా చూడండి

తెరచాప
పడవ
హుస్సేన్ సాగర్